మెయిల్ ఐడీకి మద్దతు ధర కావాలి

పత్తికి మద్దతు ధర ఉంది. వడ్లకు ఉంది, మక్కలకు ఉంది. మిర్చికి లేదు, కనీసం దాని కోసం ధర్నా చేసేవాళ్లయినా ఉన్నారు. కానీ ఎరువు బస్తా కోసం లైన్‌లో నిలబడకుండా, కరెంటు మోటారు కాలకుండా, వానదేవుడికి మొక్కకుండా ఓరుగల్లులో ఇంటింటా పండుతున్న పంట ఒకటుంది. దానికి మద్దతు ధర సంగతి అటుంచండి, అసలు ధరే లేదు. అదే మన మెయిల్ ఐడీ. కొన్నవాడు బాగుపడ్డాడు, అమ్మినవాడు బాగుపడ్డాడు, నడుమ చేరవేసినవాడికీ నాలుగు రాళ్లు మిగిలాయి. పండించినవాడికి మాత్రం రోజూ పొద్దున్నే చెత్త ఊడ్చుకునే పని మిగిలింది. ఆసియాలోనే పేరున్న ఎనుమాముల మార్కెట్ యార్డును ఊరి పక్కన పెట్టుకుని కూడా ఈ అన్యాయాన్ని సహిస్తున్నామంటే, తప్పు ఎవరిదో అధికారులు ఆలోచించాలి.

పంట ఎలా చేజారుతోందో ముందు చూద్దాం. హన్మకొండలో ఓ బట్టల దుకాణం, దసరా రద్దీ. బిల్లు కౌంటర్ దగ్గర ఓ పెద్దాయన, చేతిలో రెండు బనీన్లు.

"సార్, ఫోన్ నంబర్ చెప్పండి. మెయిల్ ఐడీ గూడ."

"బనీన్లకు మెయిల్ ఎందుకు బిడ్డా?"

"అది కొట్టకుంటే సిస్టం ముంగటికి పోతలేదు సార్."

సిస్టం ముందుకు పోకపోతే దేశం ఎలా ముందుకు పోతుంది? వెనక లైన్‌లో ఉన్నవాళ్లు అప్పటికే గొంతులు సవరిస్తున్నారు. పెద్దాయన ఇంటిపేరు, దాని వెనక పేరు, మధ్యలో అండర్‌స్కోర్, చివర పుట్టిన సంవత్సరం, ఒక్కో అక్షరం విడదీసి గట్టిగా అప్పజెప్పాడు. "బీ అంటే భద్రకాళి బీ, డీ గాదమ్మా" అని సవరించాడు కూడా. లైనంతా విన్నది. పింఛను ఎంతొస్తుందో సొంత పాలోళ్లకు ఇన్నేళ్లుగా చెప్పని మనిషి, వయసుతో సహా పంట మొత్తాన్ని రెండు బనీన్ల మీద కొసరుగా పెట్టి వచ్చాడు. కొసరు వెయ్యాల్సింది దుకాణం వాడు కదా అని అడిగిన నాథుడు లేడు.

తర్వాత కథ తెలిసిందే. మొదట బనీన్ల కంపెనీ పండగ శుభాకాంక్షలు చెబుతుంది, అది మర్యాద. వారం తిరిగేసరికి గురుగ్రాంలో ఫ్లాటు, మోకాళ్ల నొప్పికి నూనె, ఎక్కడిదో ఎంబీఏ కాలేజీలో ఆయన పేరు మీద ఆగిన సీటు. డెబ్బై దాటిన మనిషికి ఎంబీఏ సీటు ఎందుకంటారా? ఇంట్లో మనవడికి కూడా ఇవ్వని గౌరవం అది, కాదనకండి.

ఎనుమాముల యార్డుకు పోయినవాళ్లకు జెండా పాట అంటే చెప్పక్కర్లేదు. పొద్దున్నే మేలైన రాశి ఒకటి చూసి దాని దగ్గర జెండా పెట్టి పాట పాడతారు. ఆ రోజుకు అదే పై ధర, మర్నాడు పేపర్లో పడేదీ అదే. ఆ ధర విని ఉప్పొంగిన రైతు తన బస్తాల దగ్గరికొచ్చేసరికి వ్యాపారి గుప్పెడు మిర్చి చేతిలోకి తీసుకుని రంగు లేదంటాడు, తేమ ఉందంటాడు, తాలు కలిసిందంటాడు. మెయిల్ పైన తాటికాయంత అక్షరాలతో కనిపించే "90 శాతం వరకు తగ్గింపు" కూడా జెండా పాటే. 90 శాతం తగ్గేది గోదాములో ఎలుక కొరికిన ఒక్క చొక్కాకు. మిగతావాటికి తగ్గింపు పదో, పదిహేనో. యావత్ భారీ తగ్గింపు వ్యాపారం ఆ "వరకు" అనే మూడక్షరాల మీద నడుస్తోంది.

మన పంటకూ రకాలున్నాయి, నాణ్యత పరీక్ష ఉంది. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కారం తక్కువ, రంగు ఎక్కువ, దాని గొప్పతనమే అది. పని తక్కువ, హోదా ఎక్కువ ఉన్న ఆఫీసు ఐడీలను ఆ రకంలో వేసుకోవచ్చు. రోజూ తెరిచే సొంత ఐడీ ఘాటైన తేజ రకం. ఇంజినీరింగ్ రోజుల్లో నెట్ సెంటర్‌లో కూర్చుని తెరిచి, పాస్‌వర్డ్ మరిచిపోయిన యాహూ ఐడీ తాలు.

ఏది తేజ, ఏది తాలు అని పంపేవాడికి ఎలా తెలుస్తుంది? మెయిల్‌లో చుక్కంత బొమ్మ ఒకటి, కంటికి కనిపించనిది, దాచి పంపుతాడు. మెయిల్ తెరవగానే ఆ బొమ్మ వాడి సర్వర్ నుంచి దిగుతుంది. దిగిందంటే ఇక్కడో మనిషి ఉన్నాడని, ఫలానా వేళకు చూశాడని వాడికి కబురు అందినట్టే. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అడగకుండా బొమ్మలు దించొద్దని పెట్టుకుంటే ఈ గుప్పెడు తీసి చూసే పని ఆగుతుంది. ఇంత తేలికైన సంగతి మనకు ఎవరూ మెయిల్ చేసి చెప్పకపోవడం గమనార్హం.

అడుగున సన్నటి అక్షరాల్లో ఉండే "అన్‌సబ్‌స్క్రైబ్" సంగతి వేరు. తెలిసిన కంపెనీ అయితే నొక్కండి, ఆగుతుంది. గంపగుత్తగా మెయిళ్లు పంపే పెద్ద వ్యాపారులు ఒక్క నొక్కుతో వదిలేసే ఏర్పాటు పెట్టాలని, రెండు రోజుల్లో పేరు తీసెయ్యాలని గూగుల్, యాహూ 2024లో షరతు పెట్టాయి. ముక్కూ మొహం తెలియనివాడి మెయిల్‌లో మాత్రం దాన్ని నొక్కడమంటే నాయనా, నేను బతికే ఉన్నాను, చదువుతున్నాను, విసుక్కుంటున్నాను కూడా అని స్వదస్తూరీతో రాసివ్వడమే. అలాంటిదాన్ని స్పామ్ అని రిపోర్టు కొట్టి వదిలెయ్యాలి, 30 రోజులకు జీమెయిలే తుడిచేస్తుంది. వెయ్యికి ముగ్గురు అలా రిపోర్టు కొట్టినా పెద్ద వ్యాపారుల మెయిళ్లు గూగుల్ దగ్గర చిక్కులో పడతాయి. మనం ఓటు వేసి సాధించినవాటి కంటే ఇది ఎక్కువే.

ఇంతకీ వాళ్లకు ఏం గిడుతుంది? 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు స్టార్మ్ అనే దొంగ నెట్‌వర్క్‌లోకి చొరబడి లెక్క కట్టారు. మందుల ప్రకటనలతో 26 రోజుల్లో దాదాపు 35 కోట్ల మెయిళ్లు పోతే, కొనడానికి సిద్ధపడ్డవాళ్లు 28 మంది. సుమారు కోటీ ఇరవై ఐదు లక్షల గింజలు చల్లితే ఒక్క మొక్క. ఈ దిగుబడి చూస్తే మన దగ్గర రైతు నాగలి అటకెక్కించి ముంబై బస్సెక్కుతాడు. వాళ్లు ఎక్కరు. ఎందుకంటే చేను వాళ్లది కాదు, నీళ్లు వాళ్లవి కావు, కరెంటు బిల్లు వాళ్లది కాదు. ఆ మెయిళ్లు పంపింది వైరస్ సోకిన పరాయివాళ్ల కంప్యూటర్లు. దించుకోవడానికి ఖర్చయింది మన డేటా. నిండింది గూగుల్ మనకు ఉచితంగా ఇచ్చిన 15 జీబీ. అది నిండాక నెలనెలా కిరాయి కట్టేదీ మనమే. మిర్చి రైతు ధర లేనప్పుడు కోల్డ్ స్టోరేజీ కిరాయి కడతాడు, నిజమే, కానీ దాచుకునేది తన మిర్చిని. పక్కూరి వాడి తాలుకు కిరాయి కట్టేది లోకంలో మనమొక్కరమే.

వారసత్వం మెయిళ్లను కూడా చులకన చేయకూడదు. ఇక్కడ రెండు గుంటల జాగ పంచుకోవడానికి అన్నదమ్ములు పహాణీ నకళ్లు పట్టుకుని తహసీల్ ఆఫీస్ మెట్లు అరగదీస్తారు. ఆఫ్రికాలో ఎవరో దొర విమానం కూలి చనిపోతే, ఆయన కోటి డాలర్లకు కాజీపేట మనిషిని వారసుడిగా గుర్తించి, ఫ్యామిలీ సర్టిఫికెట్ కూడా అడగకుండా ఇస్తామంటున్నారు. కావలసింది కొంచెం ప్రాసెసింగ్ ఫీజు. మనకు అలవాటు లేని ఖర్చా అది? ఆ మెయిల్‌లో ఇంగ్లిష్ అంత ఘోరంగా ఎందుకుంటుందని నవ్వుతాం గానీ, 2012లో మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హర్లీ దాని లోగుట్టు విప్పాడు. నమ్మశక్యం కాకుండా రాయడమే కిటుకు. కాస్త తెలివున్నవాడు మొదటి వాక్యానికే తప్పుకుంటాడు, చివరిదాకా చదివి జవాబిచ్చేవాడే అసలు సరుకు. చెరిగి తాలు తీసే పని కూడా మన చేతే చేయిస్తున్నారన్నమాట. డబ్బు కట్టేశాక కళ్లు తెరిచినవాళ్లు ఇంట్లోవాళ్ల తిట్లు తర్వాత తినొచ్చు, ముందు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

ప్రభుత్వాలు ఊరుకున్నాయా అంటే, లేదు. అమెరికా 2003లోనే చట్టం చేసింది. పంపేముందు అడగనక్కర్లేదు, వద్దన్నాక ఆపడానికి పది పనిదినాల గడువు. 2004 జనవరిలో దావోస్‌లో బిల్ గేట్స్ రెండేళ్లలో ఈ బెడద తీరిపోతుందన్నారు. రెండేళ్లకోసారి అన్న మాటకు సమ్మక్క సారలమ్మలు కట్టుబడి గద్దెలెక్కుతూనే ఉన్నారు, గేట్స్ గారి మాటే ఇంకా దారిలో ఉంది. మన దేశంలో అక్కర్లేని ఫోన్లకు, ఎస్సెమ్మెస్‌లకు అడ్డుకట్ట వేసే నంబరు 1909 ఉంది, మెయిల్ దాని కిందికి రాదు. వ్యక్తిగత డేటా చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అసలైన బాధ్యతలకు మరో 18 నెలలు గడువిచ్చారు. ఒప్పుకోవడం ఎంత తేలికో ఒప్పుకోలును వెనక్కి తీసుకోవడమూ అంతే తేలిక కావాలని అందులో రాసి ఉంది. బనీన్ల కౌంటర్ దగ్గర దాన్ని చదివి వినిపించే ధైర్యవంతుడి కోసం లైన్‌లో ఉన్నవాళ్లు ఎదురుచూస్తున్నారు, దగ్గుతూ.

కాబట్టి డిమాండ్లు ఇవీ. ఎనుమాములలో మెయిల్ ఐడీలకు ప్రత్యేక షెడ్డు వేయాలి. పాట పొద్దున ఏడింటికే మొదలవ్వాలి. చివర అంకెలున్న ఐడీలకు తరుగు తీయరాదు. అడ్తి కమీషన్ కొన్నవాడే భరించాలి. ఒకసారి అమ్మిన ఐడీని మళ్లీ మళ్లీ అమ్మితే ప్రతిసారీ రైతు ఖాతాలో డబ్బు పడాలి. మార్కెట్ కమిటీ చైర్మన్ పదవికి ఇప్పటికే ముగ్గురు నాయకులు ఆసక్తి చూపుతున్నారు, ముగ్గురికీ మెయిల్ ఐడీ లేదు, అది అనర్హత కాదని వారి అనుచరులు అంటున్నారు.

మొదటి రోజు పాటకు వచ్చి ధర చెప్పండని వ్యాపారులందరికీ, వాళ్లు మెయిళ్లు పంపిన చిరునామాలకే, వినయంగా ఆహ్వానాలు పంపాం. అన్నింటికీ క్షణాల్లో ఒకటే జవాబు వచ్చింది: ఈ చిరునామాకు వచ్చే మెయిళ్లను ఎవరూ చదవరు, దయచేసి రాయవద్దు.