ఎర్ర కాగితం ఒక్కటే ఇచ్చి పంపకండి

అతుకుల బొంతలు కుట్టడం నేర్పే అక్కలకీ, వీడియోలు పెట్టే చెల్లెళ్లకీ ఒక మాట చెప్పాలి. పొడుగు పోస్టే, కానీ ఓపిగ్గా చదవండి. ఎర్ర జిలటిన్ కాగితం ఒక్కటి చేతిలో పెట్టి, "దీనిలోంచి చూస్తే ఏ గుడ్డ ముదురో, ఏది లేతో తెలిసిపోతుంది, ఇక కత్తిరించుకోండి" అని పిల్లల్ని పంపించెయ్యకండి. అది సగం పాఠం. మన చీరల విషయంలో ఆ సగం కూడా పనికిరాదు, పైగా పని చెడగొడుతుంది.

ఇంత కోపం ఎందుకొచ్చిందంటే, మా విజయనగరంలో ఒకమ్మాయి ఈమధ్యే శిక్షణకి వెళ్లొచ్చి ఆర్డర్లు పట్టడం మొదలుపెట్టింది. చేతిలో మంచి పని ఉంది. టాకా వేసినా సమానంగా పడుతుంది. ఒకావిడ పోయిన తన తల్లి చీరలు తెచ్చి, మధ్యలో పెద్ద నక్షత్రం వచ్చేలా బొంత కుట్టమంది. ఈ పిల్ల మెరూన్ చీరతో నక్షత్రం, ముదురాకుపచ్చ చీరతో దాని వెనక నేల అనుకుంది. నేర్పినట్టే ఎర్ర కాగితంలోంచి చూసింది. మెరూన్ తేటగా, ఆకుపచ్చ నల్లగా కనిపించాయి. తేడా బ్రహ్మాండంగా ఉందనుకుని కత్తిరించింది, కుట్టింది. మంచం మీద పరిచి గుమ్మం దగ్గర నిలబడి చూస్తే నక్షత్రమే లేదు. అంతా ఒకటే చీకటి ముద్ద. "కాగితంలోంచి చూసే పెట్టాను పిన్నీ" అని ఏడ్చింది. నేర్పినవాళ్లని అడిగితే "నువ్వు సరిగ్గా చూసుండవు" అన్నారట.

ఆ పిల్ల సరిగ్గానే చూసింది. నేర్పిన పాఠమే సరిగ్గా లేదు.

అసలు సంగతి ఏమిటంటే, రంగు వేరు, ముదురు-లేత వేరు. ఎరుపా, నీలమా అన్నది రంగు. అది నలుపుకి దగ్గరా, తెలుపుకి దగ్గరా అన్నది ముదురు-లేత. అమెరికాలో ఆల్బర్ట్ మన్సెల్ అనే చిత్రకళ మాస్టారు 1905లోనే ఈ రెంటినీ విడదీసి, నలుపుకి 0, తెలుపుకి 10 అని మెట్లు కట్టాడు. బొంత మీద నక్షత్రమైనా, గడులైనా, నడిమి చదరం చుట్టూ పట్టీలు పేర్చుకుంటూ పోయే లాగ్ క్యాబిన్ అయినా దూరం నుంచి కనిపించేది ఈ మెట్ల తేడా వల్లే. లాగ్ క్యాబిన్‌లో ఒక సగం ముదురు, ఒక సగం లేత లేకపోతే అది వట్టి పట్టీల కుప్ప. మెరూన్, ముదురాకుపచ్చ పక్కపక్కన పెట్టుకుంటే పెళ్లి చీరకి అంతకు మించిన జోడీ లేదు, ఒప్పుకుంటాను. కానీ రెండూ ఒకే మెట్టు మీద ఉంటే పది అడుగుల దూరంలో ఒకదాన్నొకటి మింగేస్తాయి.

మరి కాగితం ఎందుకు తేడా చూపించింది? ఎర్ర కాగితం ఎర్ర వెలుగునే దాటనిస్తుంది, మిగతావి ఆపేస్తుంది. ఎర్ర గుడ్డ మీద నుంచి ఎర్ర వెలుగు బాగా వస్తుంది కాబట్టి అది ఉన్నదానికన్నా లేతగా కనిపిస్తుంది. ఆకుపచ్చ గుడ్డ నుంచి ఎర్ర వెలుగు పెద్దగా రాదు, కాబట్టి నల్లబడుతుంది. నమ్మకం లేకపోతే ఇంట్లో పిల్లల నోట్‌బుక్కు తెరిచి చూడండి. మాస్టారు ఎర్ర సిరాతో దిద్దిన గీతలు ఎర్ర కాగితం రెండు మడతలు పెట్టి చూస్తే తెల్ల పేజీలో కలిసిపోతాయి. తెల్ల గుడ్డ మీద ఎర్ర పూలున్నా అంతే, పూలు మాయం. ఉన్న తేడాని తుడిచేస్తుంది, లేని తేడాని పుట్టిస్తుంది. దాన్ని చూసి అమ్మ చీర మీద కత్తెర పెడతామా?

ఇప్పుడు అవే రెండు ముక్కల్ని ఆకుపచ్చ కాగితంలోంచి చూడండి. తీర్పు తిరగబడుతుంది. మెరూన్ బొగ్గులా అయిపోతుంది, ఆకుపచ్చ తేటపడుతుంది. ఒక కాగితం మెరూన్ లేత అంటుంది, రెండోది ఆకుపచ్చ లేత అంటుంది. రెండూ ఇలా ఎదురెదురు సాక్ష్యం చెప్పాయంటే ఆ జోడీలో నిజమైన తేడా తక్కువని అనుమానించాలి. రెండు కాగితాల్లోనూ ఒకటే ముదురుగా, ఒకటే లేతగా నిలబడితే ఆ జోడీని నమ్మొచ్చు. గంధం రంగు, నేవీ బ్లూ తీసుకోండి, ఏ కాగితంలోంచి చూసినా గంధం లేతే, నేవీ ముదురే. ఈ రెండో కాగితం సంగతి నేర్పడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఎందుకు వదిలేస్తున్నారు?

విదేశాల్లో ఈ పద్ధతి నేర్పేవాళ్లు ఎరుపు జాతి గుడ్డలకి ఆకుపచ్చ ఫిల్టరు, మిగతా వాటికి ఎర్ర ఫిల్టరు వాడమని స్పష్టంగా చెప్తారు. మన దగ్గరికి వచ్చేసరికి ఎరుపు ఒక్కటే మిగిలింది. మన సంచుల్లో ఏముంటాయో ఒకసారి ఆలోచించండి. పేరంటాలకి ఇచ్చిన జాకెట్టు ముక్కలు లేని బీరువా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉందా? వాటిలో ఎరుపు, రాణీ రంగు, మెరూన్, కనకాంబరం, ఇటుక రంగు, పండుమిరప రంగు ఇవే కదా ఎక్కువ. పసుపు కుంకుమలతో పాటు పెట్టే గుడ్డ నలుపో, బూడిద రంగో ఉండదు. అంటే ఎర్ర కాగితానికి కళ్లు కనపడని చోటే మన గుడ్డలన్నీ ఉన్నాయి. నీలాలు, ఊదాలు, ఆకుపచ్చలు ఎక్కువున్న సంచికి ఎర్ర కాగితం చాలావరకు పనికొస్తుంది. మన సంచికి ఆకుపచ్చ కాగితమే ముందు తియ్యాలి.

ఇంకో విషయం కూడా ఉంది. పట్టపగలు మన కన్ను అన్నిటికన్నా బాగా అందుకునేది అల పొడవు (తరంగదైర్ఘ్యం) 555 నానోమీటర్ల దగ్గరుండే వెలుగుని, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చని. ఎర్ర కాగితం దాటనిచ్చేది సుమారు 600 నానోమీటర్ల పైన ఉన్నదాన్ని, అంటే ఎరుపు వైపు వెలుగుని. కన్ను దేన్ని ఎక్కువగా లెక్కలోకి తీసుకుంటుందో దాన్ని పక్కనపెట్టి, తక్కువ లెక్కించేదాన్ని పట్టుకుని తీర్పు చెప్తోంది ఆ కాగితం. ఆకుపచ్చ కాగితం మన కంటికి కొంచెం దగ్గర. అదీ పూర్తి నిజం చెప్పదు, అందుకే రెండూ కావాలి.

ఫోను ఉండగా కాగితాలెందుకు అంటారా? నేనూ ఫోనే ముందు వాడమంటాను. ఫొటోలో రంగు తీసేస్తే వచ్చే బూడిద రంగుకి ఒక లెక్క ఉంటుంది. ఫోను తెరల ప్రమాణం ప్రకారం మొత్తం వెలుగులో ఆకుపచ్చకి సుమారు 72 పాళ్లు, ఎరుపుకి 21, నీలానికి 7 వేస్తారు. కంటి తీరుకి తగ్గట్టు కట్టిన లెక్క అది. ఆ పిల్ల వాడిన మెరూన్, ఆకుపచ్చ ముక్కలు మిగిలినవి నేను ఫొటో తీసి రంగు తీసేస్తే ఏది ఏదో చెప్పలేనంత ఒకేలా వచ్చాయి. కత్తిరించకముందు ఒక్క ఫొటో తీసుంటే సరిపోయేది.

కానీ దీనికీ పద్ధతుంది. ఒక్కో ముక్కనీ విడివిడిగా ఫొటో తియ్యకూడదు. ముదురు గుడ్డ ఒక్కటే ఎదురుగా ఉంటే ఫోను దానంతటదే వెలుతురు పెంచేస్తుంది, లేత గుడ్డకి తగ్గించేస్తుంది, చివరికి అన్నీ నడిమి బూడిదలోకి వచ్చేస్తాయి. ముక్కలన్నీ ఒకే ఫ్రేములో ఉండాలి. పక్కన ఒక తెల్ల ముక్క, ఒక నల్ల ముక్క పెట్టుకుంటే ఇంకా మంచిది. తెలుపుకి నేను పొందూరు ఖద్దరు ముక్క పెట్టుకుంటాను. వాలుగ చేప దవడతో దూది దువ్వి, 100 కౌంటు దాటిన సన్నని నూలు వడికి నేసిన గుడ్డ, మెరుపు లేకుండా చదునుగా ఉంటుంది. వరండాలో నీడపట్టున తియ్యండి, నేరుగా ఎండ వద్దు, ట్యూబులైటు కింద వద్దు. జరీ, శాటిన్ పక్కకి తిప్పితే ఒక మెట్టు, ఇటు తిప్పితే ఒక మెట్టు చూపిస్తాయి. బోర్డర్లు విడిగా కోసి వాటి సంగతి వేరే చూసుకోవాలి. ఫొటోకి ఊరికే రంగు తీసెయ్యండి చాలు, నలుపుని ఇంకా నల్లగా చేసే సినిమా టైపు ఫిల్టర్లు తేడాని పెంచి చూపిస్తాయి.

ఫోనుని కూడా గుడ్డిగా నమ్మమనడం లేదు. రాణీ రంగు, చిక్కటి ఎరుపు లాంటి గాఢమైన రంగులు మన కంటికి వాటి బూడిద మెట్టుకన్నా వెలుగ్గా కనిపిస్తాయి. అందుకే చివర్లో ముక్కలన్నీ నేలమీద పరిచి, దూరం జరిగి, కళ్లు చికిలించి చూడాల్సిందే. అది కూడా పగటి వెలుతురులో. సందెవేళ వరండాలో కూర్చుని రంగులు కలిపే అలవాటు చాలామందికుంది, మానెయ్యండి. వెలుతురు తగ్గేకొద్దీ కంటికి ఎరుపు నల్లబడుతుంది, నీలం తేలుతుంది. పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త పందొమ్మిదో శతాబ్దంలోనే గుర్తించిన సంగతి ఇది. సాయంత్రం కలిపిన జోడీ పొద్దున్న వేరేలా ఉందని ఎంతమంది అనలేదు!

పక్కన ఏముందన్నదాన్ని బట్టి కూడా మెట్టు మారుతుంది. చిలకపచ్చ ముక్క మెరూన్ పక్కన లేత, గంధం పక్కన ముదురు. పారిస్‌లో గోబెలిన్ నేతశాల రంగుల విభాగం చూసే షెవ్రెల్‌కి నలుపు రంగు సరిగ్గా పట్టడం లేదని ఫిర్యాదు వచ్చిందట. అద్దకం బాగానే ఉంది, పక్కనున్న నీలాల వల్ల నలుపు వెలిసినట్టు కనిపిస్తోందని ఆయన తేల్చాడు. 1839లో దాని మీద పెద్ద పుస్తకమే వేశాడు. కాబట్టి ఒక గుడ్డ తీసుకుని "ఇది లేత" అని అట్ట మీద పేరు రాసి పెట్టెయ్యడం కూడా తప్పే. ఏ బొంతకి ఆ బొంత విడిగా చూసుకోవాలి.

ఇలా అంటే "మన మామ్మలు ఏ ఫిల్టర్లు పెట్టి కుట్టారు?" అని అడిగేవాళ్లుంటారు. మామ్మల బొంతల మీద నాకున్న గౌరవం చెప్పలేనిది. కానీ వాళ్లు కుట్టింది వేరు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, చుట్టూ నుంచి మధ్యకి కుట్టుకొచ్చేవారు. చిరిగినచోట చేతికొచ్చిన గుడ్డ అతికేవారు. వెచ్చగా ఉండాలి, గట్టిగా ఉండాలి, అంతే. నక్షత్రం దూరానికి కనిపించాలని మామ్మని ఎవరూ అడగలేదు, దానికి డబ్బులూ ఇవ్వలేదు. ఇవాళ డిజైను చూపించి ఆర్డరు తీసుకుంటున్నాం కాబట్టి ఆ డిజైను కనిపించే బాధ్యత మనదే.

మన చీరల్లో ముదురు-లేతలకి కొదవ లేదు కూడా. ప్రింటు చీర తిరగేస్తే వెనకవైపు ఒక మెట్టు లేతగా ఉంటుంది, దాన్నే పైకి పెట్టి కుట్టొచ్చు. బాగా కట్టిన నూలు చీరలో పమిట వైపు ఎండకి వెలిసి, లోపలి చుట్టు ముదురుగా మిగులుతుంది. ఒక్క చీరలోనే రెండు మెట్లు దొరుకుతాయి, తల్లి చీర తప్ప వేరే గుడ్డ కలపొద్దనే వాళ్లకి ఇది ఎంత ఉపకారమో. ఇలాంటివి నేర్పండి. ఆన్‌లైన్లో డబ్బు పెట్టి ఎర్ర ప్లాస్టిక్ ముక్కలు తెప్పించమని చెప్పేకన్నా ఇది వందరెట్లు పనికొస్తుంది. కాగితమే కావాలంటే స్టేషనరీ షాపులో ఎరుపు, ఆకుపచ్చ రెండూ దొరుకుతాయి, ఒక్క పొర పల్చగా ఉంటే రెండు మూడు మడతలు పెట్టుకోవచ్చు.

ఆ పిల్లని తప్పుపట్టినవాళ్లు ఈ పోస్టు చదువుతారనే రాస్తున్నాను. అక్కా, ఆ అమ్మాయికి ఫోన్ చేసి "తప్పు నీది కాదు" అని చెప్పండి. ఆర్డరిచ్చినావిడ తల్లి చీరలో ఇంకా కొంచెం గుడ్డ మిగిలుంది, గంధం రంగు చీర ఒకటి ముట్టుకోకుండా ఉంది, నేల విప్పి మార్చడానికి నేను తోడు కూర్చుంటానన్నాను. మీ తర్వాతి బ్యాచ్‌కి మాత్రం మొదటిరోజే ఒక తెల్ల గుడ్డ మీద ఎర్ర పూలున్న ముక్క, ఒక మెరూన్ ముక్క, ఒక ముదురాకుపచ్చ ముక్క అందరి ముందూ పరచండి. రెండు కాగితాల్లోంచీ చూపించండి, ఫోనులో రంగు తీసి చూపించండి. మూడూ ఎందుకు మూడు రకాలుగా చెప్తున్నాయో పిల్లలు తమంతట తాము చెప్పగలిగాకే కత్తెరలు ఇవ్వండి.