వెనక వరుసలో ఇద్దరు

మొన్న ఇక్కడ జపాన్‌లో మన తెలుగువాళ్ల ఉగాది సభలో వెనక వరుసలో కూర్చున్న జపాన్ దంపతులు ఎవరికైనా గుర్తున్నారా? మా కింది ఫ్లాట్‌లో ఉంటారు, నేనే పిలిచాను. పిలిచి, మైకుల పనిలో పడి వాళ్ల దగ్గరికి పోనేలేదు. పంచాంగ శ్రవణం, పిల్లల డాన్సులు, సన్మానాలు అన్నిటికీ ఓపిగ్గా చప్పట్లు కొట్టారు. ఎవరో పచ్చడి కప్పులు చేతిలో పెట్టి వెళ్లారు, అదేమిటో చెప్పలేదు. వేపపువ్వు చేదుకి ఆవిడ మొహం మారింది, అయినా మొత్తం తినేసి, ఖాళీ కప్పుని టిష్యూలో చుట్టి బ్యాగులో పెట్టుకుంది. భోజనాల లైను మొదలయ్యేసరికి ఇద్దరూ లేరు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పోయినేడాది మే నెల గుర్తొచ్చింది. తెనాలి నుంచి అమ్మ వస్తే కిసో లోయకి తీసుకెళ్లాను. పూర్వం ఎదో (ఇప్పటి టోక్యో) నుంచి క్యోటోకి కొండల్లోంచి పోయే నకసెండో బాటలో 69 మజిలీలు ఉండేవి, వాటిలో మగోమె నుంచి త్సుమగో దాకా ఎనిమిది కిలోమీటర్లు ఇప్పటికీ నడవొచ్చు. దారి పొడుగునా ఎలుగుబంట్లు రాకుండా మోగించే గంటలు ఉంటాయి, అమ్మ ప్రతి గంటా గుడిలో కొట్టినట్టే కొట్టింది. కనుమ దాటాక మోకాళ్లు పట్టేశాయి. అక్కడే ఒక పాత చెక్క ఇంట్లో నడిచేవాళ్లకి ఉచితంగా టీ ఇస్తారు. ఆరోజు ఉన్న పెద్దాయన అమ్మ నడక చూసి, ఏమీ అడక్కుండా నిప్పుల గుంట పక్కన పీట వేశాడు. టీ, ఉప్పులో ఊరిన ముల్లంగి ముక్కలు పెట్టాడు. "ఎంతివ్వాలో అడగరా" అంది అమ్మ. డబ్బు వద్దన్నాడంటే, "అయితే మన చలివేంద్రమే" అని ఆయనకి దణ్ణం పెట్టింది. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్లు పావుగంట మాట్లాడుకున్నారు, నన్ను అనువాదం చెయ్యనివ్వలేదు.

మన వాలంటీర్ల కష్టం నాకు తెలుసు. ఉద్యోగాలు చేసుకుంటూ హాలు బుకింగ్ నుంచి గిన్నెలు కడగడం దాకా వాళ్లే చూస్తారు, పైగా భాష టెన్షన్. కానీ కొసరి కొసరి వడ్డించే జాతి అని స్టేజీ మీద చెప్పుకున్న రోజునే ఇద్దరు అతిథులు అన్నం తినకుండా వెళ్లిపోయారు. మన ఊళ్లో పెళ్లిలో ఇలా జరిగితే పెద్దవాళ్లు ఊరుకునేవారా?

దసరాకి వాళ్లని మళ్లీ పిలుస్తున్నాను. గుమ్మం దగ్గర పలకరించడానికి ఒకరు, ఏ వంటకం ఏమిటో జపనీస్‌లో రాసిన చిన్న కాగితం, విస్తరి ముందు పక్కన కూర్చోడానికి ఒక కుటుంబం కావాలి. ఈసారి మైకులు ఇంకెవరైనా చూడండి, నేను వెనక వరుసలో ఉంటాను.