సవరణ: గూగుల్ ఫామ్స్‌లో ఈమెయిల్ ఎప్పుడు కనబడుతుంది?

అధ్యాపకుల డిజిటల్ శిక్షణ గురించి మొన్న రాసినప్పుడు, గూగుల్ ఫామ్స్ (ఆన్‌లైన్‌లో ప్రశ్నలు పంపి సమాధానాలు సేకరించే సాధనం) సర్వేలో 'ఒకరికి ఒకే సమాధానం' అని పెడితే విద్యార్థి ఈమెయిల్ టీచర్‌కు తెలిసిపోతుందని చెప్పాను. అది తప్పు. సరిచూసుకోకుండా రాశాను.

ఆ సెట్టింగ్ పెడితే విద్యార్థి లాగిన్ కావాలి, అంతే. ఈమెయిల్ నమోదయ్యేది 'ఈమెయిల్ చిరునామాల సేకరణ' అనే వేరే సెట్టింగ్ ఆన్‌లో ఉంటేనే. గూగుల్ సహాయ పేజీల్లో ఇలాగే ఉంది. నేనూ ఒక ఖాళీ ఫామ్‌తో చూశాను: విద్యార్థి వైపు ఖాతా పేరు కింద 'షేర్ కాలేదు' అని కనిపించింది, సమాధానాల షీట్‌లో ఈమెయిల్ గడే లేదు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇంకోచోట. క్విజ్‌ను దిద్దాక మార్కులు విడుదల చేయాలంటే ఈమెయిల్ సేకరణ తప్పనిసరి. ఆ క్విజ్‌నే కాపీ చేసి ఫీడ్‌బ్యాక్ సర్వేగా మార్చేస్తే ఆ సెట్టింగ్ కూడా వెంట వచ్చేస్తుంది. పేరు తెలిసిపోతుందన్న టెన్షన్ ఉంటే పిల్లలు మనసులో మాట రాయరు. అందుకే సర్వేకు కొత్త ఫామ్ తెరవండి. నా పాత పోస్టు చూసి 'ఒకరికి ఒకే సమాధానం' పరిమితి తీసేసినవాళ్లు మళ్లీ నిశ్చింతగా పెట్టుకోవచ్చు.