డిజైనర్లు తమ ఇంటికి గడువు పెట్టుకోరు

హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్ చేతికొస్తే ఇంటీరియర్ కంపెనీలు ముందు మాట్లాడేది గడువు గురించే. ఇన్ని రోజుల్లో మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్, టీవీ యూనిట్ అన్నీ పూర్తి చేసి తాళాలు ఇచ్చేస్తామంటారు. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్నవాళ్లకు ఆ భరోసా కావాలి, కాదనను. కానీ ఇల్లంతా ఒకే విడతలో ముగించే ఈ పద్ధతిని పేరున్న డిజైనర్లు తమ సొంత ఇంట్లో పాటించినట్టు కనబడదు.

అమెరికన్ డిజైనర్లు ఛార్లెస్, రే ఈమ్స్ దంపతులనే తీసుకోండి. లాస్ ఏంజెలస్ నగరంలోని పసిఫిక్ పాలిసేడ్స్‌లో తమ ఇంటికి 1945లో మొదటి ప్లాన్ సిద్ధమైంది. కొండవాలు నుంచి పచ్చిక మీదికి వంతెనలా చొచ్చుకొచ్చే ఇల్లది. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది, ఉక్కుకు కరువు. సామాను వచ్చేసరికి 1948 అయింది. ఈలోగా ఇద్దరూ ఆ స్థలానికి పిక్నిక్‌లకు వెళ్తూ వెళ్తూ ఆ పచ్చిక మీద మనసు పెంచుకున్నారు. దాన్ని చెడగొట్టడం ఇష్టం లేక ప్లానే మార్చేసి, ఇంటిని కొండ వారకు, యూకలిప్టస్ చెట్ల వెనక్కి జరిపారు. ఆలస్యం కాకపోయుంటే ఈ ఇల్లు ఇలా ఉండేదే కాదు.

1949 చివర్లో అందులో దిగారు. ఇంటి చట్రం, కిటికీలు ఫ్యాక్టరీ సరుకే. లోపల మాత్రం గవ్వలు, గులకరాళ్లు, బొమ్మలు, రగ్గులు, కుండీల్లో మొక్కలు. పెళ్లయిన కొత్తలో కారులో కాలిఫోర్నియా వస్తూ దారిలో ఏరుకొచ్చిన ఎండు ముళ్లపొదను హాల్లో పైకప్పుకు వేలాడదీశారు. ఏ క్లయింటుకూ కొటేషన్‌లో రాసివ్వలేని వస్తువది! 1978లో ఛార్లెస్ పోయాక కూడా రే 1988లో కన్నుమూసే దాకా ఆ ఇంట్లోనే ఉన్నారు.

వీళ్లు మన దేశానికి కొత్తవాళ్లేం కాదు. 1958లో మన ప్రభుత్వానికిచ్చిన నివేదికలో అన్నిటికంటే మెచ్చుకున్నది చెంబును. దాన్ని ఒక్కరు గీసింది కాదని, తరాల వాడకంలో తయారైందని రాశారు. అహ్మదాబాద్‌లో డిజైన్ నేర్పే జాతీయ సంస్థ ఎన్‌ఐడీ పుట్టింది ఆ నివేదిక వల్లే. వాళ్ల ఇల్లూ అలా వాడకంలోనే తయారైంది.

కొలంబోలో శ్రీలంక ఆర్కిటెక్ట్ జెఫ్రీ బావా కూడా అంతే. వరసగా ఉన్న నాలుగు చిన్న ఇళ్లలో ముందు ఒకదాంట్లో చేరి, మిగతావి ఒక్కోటీ కలుపుకుంటూ పోయారు. 1948లో కొన్న లునుగంగ తోటనైతే దాదాపు యాభై ఏళ్లు మారుస్తూనే వచ్చారు.

వాళ్లకు స్థలముంది, డబ్బుంది, ఈఎంఐ కట్టే డబుల్ బెడ్‌రూమ్ వాళ్లకిదంతా ఎలా కుదురుతుందని అడగొచ్చు. నిజానికి ఆగడం వల్ల ఎక్కువ లాభం ఈ ఈఎంఐ వాళ్లకే. గోడకు బిగించేసిన లామినేట్ షోకేసు ఖర్చు మొదటి రోజే అయిపోతుంది. నాలుగేళ్లకు పిల్లాడికి చదువుకునే బల్ల కావాల్సొస్తే, వేసే గోడ ఉండదు. షోకేసు పీకితే అది మళ్లీ దేనికీ పనికిరాదు.

వైరింగ్, ప్లంబింగ్, వంటిల్లు, బాత్రూములు ముందే ముగించాల్సినవే, వాటిలో రాజీ వద్దు. హాలు, పడగ్గదుల సంగతి వేరు. మంచం, నాలుగు కుర్చీలతో దిగిపోయి, ఏ కిటికీలో ఎండ ఎప్పుడు పడుతోందో, ఇంట్లోవాళ్లు రాత్రి ఎక్కడ చేరి కబుర్లాడుకుంటున్నారో ఒక ఏడాది చూడండి. అందుకే కొటేషన్ అడిగేటప్పుడే రెండు విడతలుగా రాయించుకోండి. రెండో విడతకు అడ్వాన్స్ మాత్రం ఇప్పుడే ఇవ్వకండి.