వెయ్యి బ్లూ స్ప్రూస్‌లు నాటితే జింకలు వచ్చేస్తాయా?

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో మనవాళ్ళు ఊరి బయట ఐదో పదో ఎకరాలు కొన్నప్పుడల్లా ఒక సలహా ఫార్వర్డ్ అయి వస్తుంది. "వెయ్యి బ్లూ స్ప్రూస్ మొక్కలు తెప్పించండి, నాలుగడుగుల ఎడంలో నాటేయండి, ఏ నేలలోనైనా బతుకుతాయి, సూదుల్లాంటి ఆకులు కాబట్టి జింకలు ముట్టవు, కంచె అక్కర్లేదు, గుంటలో గుప్పెడు ఎరువేస్తే చాలు, మూడేళ్ళలో చలికాలమంతా జింకలు మీ నేలలోనే పడుకుంటాయి." ఇది మనవాళ్ళు పుట్టించింది కాదు, ఇక్కడి వేటగాళ్ళ మధ్య ఎప్పటినుంచో తలా ఒక రకంగా చెప్పుకునేదే, మనవాళ్ళు తెలుగులో పెట్టారంతే. ఇందులో నిజం లేకపోలేదు: మంచు కురిసే చోట తెల్లతోక జింకకి చలికాలంలో కోనిఫర్లు, అంటే స్ప్రూస్, పైన్, సీడర్ లాంటి చెట్లు, నిజంగానే పనికొస్తాయి. కానీ ఏ కోనిఫర్, ఏ నేలలో, ఎంత ఎడంలో అనే దగ్గర మాత్రం ఈ సలహా దాదాపు ప్రతి ముక్కా తలకిందులే.

"బ్లూ స్ప్రూసే బెస్ట్, ఏ నేలలోనైనా వస్తుంది."

బ్లూ స్ప్రూస్ సొంత ఊరు కొలరాడో, యూటా, వయోమింగ్‌ల రాకీ పర్వతాలు. పొడి గాలికి అలవాటుపడ్డ చెట్టు. మిషిగన్ వేసవి తేమలో దానికి రైజోస్ఫేరా అనే బూజు తెగులు పట్టుకుంటుంది, సూదులు ఊదా గోధుమ రంగుకి తిరిగి రాలిపోతాయి, అదీ కింది కొమ్మల నుంచి మొదలై పైకి పాకుతుంది. మూడు నాలుగేళ్ళు వరసగా సూదులు రాలిన కొమ్మ ఎండిపోతుంది. జింక పడుకునేది, దాక్కునేది నేల నుంచి నాలుగైదు అడుగుల లోపలే కదా, సరిగ్గా ఆ భాగమే ఖాళీ అయిపోయే చెట్టుని ఏరికోరి తెచ్చుకోవడం దేనికి? ఇంటి ముందు అందానికి ఒకటి పెట్టుకుంటే మీ ఇష్టం.

ఇక "ఏ నేలైనా" అన్న మాట. ఉత్తర మిషిగన్‌లో గ్రేలింగ్ ఊరి చుట్టుపక్కల ఉండే వట్టి ఇసుక నేలలో జాక్ పైన్, రెడ్ పైన్ నిలబడతాయి, స్ప్రూస్ నీరసంగా ఉండిపోతుంది. ఓ మాదిరి తేమ ఉండి నీళ్ళు నిలవని నేలకి వైట్ స్ప్రూస్, నార్వే స్ప్రూస్ సరిపోతాయి. నార్వే స్ప్రూస్ యూరప్ చెట్టే అయినా పైన చెప్పిన తెగులుని బాగా తట్టుకుంటుంది, పెరగడమూ త్వరగా పెరుగుతుంది. చిత్తడి నేలయితే బ్లాక్ స్ప్రూస్ లేదా వైట్ సీడర్. చిత్తడికి మంచిదని టమరాక్ నాటేవాళ్ళూ ఉన్నారు, పాపం అది కోనిఫరే కానీ చలికాలం రాకముందే సూదులన్నీ రాల్చేసి మోడుగా నిలబడుతుంది, చాటుకి పనికిరాదు. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళ వెబ్ సాయిల్ సర్వేలో మీ నేల హద్దులు గీస్తే అక్కడున్న మట్టి రకం ఉచితంగా చూపిస్తుంది, మొక్కలు కొనే ముందు చేయాల్సిన మొదటి పని అదే.

"జింకలు సూదాకులు తినవు."

ఈ ముక్క చదివి నమ్మి కంచె మానేసినవాళ్ళకి ఎక్కువ నష్టం. మిషిగన్ ఉత్తర భాగమైన అప్పర్ పెనిన్సులాలో జింకలు చలికాలం గడిపే చోట్లు చాలా వరకు వైట్ సీడర్, హెమ్లాక్ అడవులే, అవి అక్కడికి చేరేది మంచు చాటుకే కాదు, తిండికి కూడా. వైట్ సీడర్ వాటికి ఎంత ఇష్టమంటే ఆ చిత్తడి అడవుల్లో చాలా చోట్ల ముసలి చెట్లు, వాటికి జింక మెడ చాచి అందుకోగలిగినంత ఎత్తు వరకు గీత గీసినట్టు బోసిపోయిన కింది భాగం, అంతే, కొత్త మొక్క ఒక్కటీ పైకి రాదు. దశాబ్దాలుగా మొలిచింది మొలిచినట్టే మేసేశాయి. హెమ్లాక్‌దీ అదే గతి. వైట్ పైన్ తలచిగురుని చలికాలంలో కొరికేస్తాయి. బాల్సమ్ ఫర్ ఇంకేమీ దొరకనప్పుడు తింటాయి, దానితో పెద్దగా బలం రాదు. స్ప్రూస్‌లని మాత్రం సాధారణంగా చివరిదాకా ముట్టవు, అందుకే ఈ "తినవు" అన్న మాట పుట్టిందనుకుంటా, స్ప్రూస్‌ని చూసి కోనిఫర్లన్నిటికీ వర్తింపజేశారు. ఆకలి ముదిరితే స్ప్రూస్‌ని కూడా వదలవు.

తినకపోయినా శరదృతువులో మగ జింకలు కొమ్ములు రుద్దుతాయి, చేతి కర్రంత లావున్న పైన్, స్ప్రూస్ కాండాలంటే వాటికి మహా ఇష్టం, బెరడు ఊడిపోయి చుట్టూతా తెగితే చెట్టు పోయినట్టే. మంచు కింద గడ్డిలో దాక్కునే వోల్ ఎలుకలు మొదళ్ళు కొరకడం దీనికి అదనం.

అందుకని సీడర్ గానీ హెమ్లాక్ గానీ నాటితే ఒక్కో మొక్కకి ఐదడుగుల తీగ పంజరం కట్టాల్సిందే, డబ్బు కొంచెమే ఉంటే యాభై మొక్కలు నాటి యాభైకీ పంజరం కట్టడం నయం, ఐదు వందలు నాటి జింకలకి విందు పెట్టే కంటే. ఓక్ మొక్కలకి తొడిగే ప్లాస్టిక్ గొట్టాలు కోనిఫర్లకి అంతగా కుదరవు. వైట్ పైన్‌కి చవకైన ఉపాయం ఒకటుంది, మిన్నెసోటాలో బాగా వాడతారు: అక్టోబర్‌లో చిన్న కాగితం ముక్కని తలచిగురు చుట్టూ మడిచి స్టేప్లర్ కొట్టేయడం. జింక ఆ కాగితాన్ని కొరకదు, వసంతంలో చిగురు దాన్ని తోసుకుని పైకొస్తుంది. చిగురు జింక నోటికి అందని ఎత్తుకి వెళ్ళేదాకా ఏటా చేయాలి. విసుగే, కానీ పనిచేస్తుంది.

"ఎంత దగ్గరగా నాటితే అంత మంచిది."

మన ప్రకాశం, నెల్లూరు వైపు సరుగుడు తోటలు చూసినవాళ్ళకి ఈ మాట వినగానే సబబుగానే అనిపిస్తుంది. అక్కడ మీటరు, మీటరున్నర ఎడంలో పెడతారు, ఎందుకంటే పక్క కొమ్మలు చచ్చి కర్ర నిటారుగా రావాలి. మనకిక్కడ కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం: కొమ్మలు నేలని తాకుతూ ఉండాలి, కర్ర ఎలా పోతే మనకేం. నాలుగడుగుల ఎడమంటే ఎకరానికి 2,700 మొక్కలు దాటతాయి. కొన్నేళ్ళకే కొమ్మలు ఒకదానికొకటి తగులుకుని, కింద ఎండ పడక కింది కొమ్మలు ఎండిపోయి, పైన ఆకుపచ్చ కప్పు, కింద ఉత్త కర్రలు మిగులుతాయి. నేల మీద గడ్డి పరక మొలవదు, అంటే చాటూ లేదు, తిండీ లేదు. 1930ల్లో నిరుద్యోగులకి పని చూపించిన ప్రభుత్వ పథకం సివిలియన్ కన్జర్వేషన్ కార్ప్స్ కుర్రాళ్ళు నాటిన రెడ్ పైన్ తోటలు మిషిగన్‌లో ఇంకా ఉన్నాయి, ఒకసారి లోపలికి నడిచి చూడండి, ఈ చివర నిలబడితే ఆ చివర కనిపిస్తుంది. కలపకి మంచివే, జింక అక్కడ పడుకోమంటే పడుకోదు.

కింది కొమ్మల విలువ తెలియాలంటే కిర్ట్‌లాండ్స్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట సంగతి చాలు. అది ఉత్తర మిషిగన్ జాక్ పైన్ అడవుల్లో నేల మీద, కింది కొమ్మల చాటున గూడు కడుతుంది, చెట్ల వయసు సుమారు ఐదు నుంచి ఇరవై ఏళ్ళ మధ్య ఉన్నంత వరకే. కొమ్మలు పైకి పోయాక ఆ అడవిని వదిలేస్తుంది. అందుకే దానికోసం వంతులవారీగా నరికి కొత్త జాక్ పైన్ నాటుతూ, మధ్యలో ఖాళీలు కూడా వదులుతూ వచ్చారు, 2019లో ఆ పిట్ట అంతరించే ముప్పున్న జాతుల జాబితా నుంచి బయటికొచ్చింది.

జింకకైతే 10, 12 అడుగుల ఎడంలో, వరసలు కాకుండా అడ్డదిడ్డంగా, ముప్పై నలభై మొక్కల గుంపులు పెట్టి గుంపుకీ గుంపుకీ మధ్య నేల వదిలేయండి. ఆ ఖాళీలో రాస్ప్‌బెర్రీ పొదలు, రెడ్ ఓసియర్ డాగ్‌వుడ్, గోల్డెన్‌రాడ్ అవే వస్తాయి, జింకకి తిండి దొరికేది అక్కడే. చలిగాలి ఎక్కువగా వాయవ్యం నుంచి కొడుతుంది కాబట్టి గుంపులు ఖాళీకి ఉత్తరం, పడమర పక్కల ఉంటే ఎండ పడే దక్షిణం వైపు పడుకోవడానికి చోటు దొరుకుతుంది. అసలు దట్టమైన నీడ ఉంటే వెచ్చగా ఉండి జింక బలంగా ఉంటుందన్న నమ్మకమే అంత గట్టిది కాదు. ఈశాన్య ఒరెగాన్‌లో ఎల్క్ అనే పెద్ద జాతి జింకల మీద చేసి 1998లో ప్రచురించిన ప్రయోగంలో దట్టమైన చెట్ల నీడలో ఉంచినవే చలికాలంలో బరువు ఎక్కువ తగ్గాయి, ఎండ తగిలినవి నయంగా ఉన్నాయి. ఎల్క్ వేరు, తెల్లతోక జింక వేరు, మోకాళ్ళు దాటి మంచు పడే చోట కొమ్మలు ఆ మంచుని ఆపడం పెద్ద సాయమే, అది వేరే లెక్క.

"గుంటలో గుప్పెడు ఎరువు."

వద్దు. లేత వేళ్ళు మాడతాయి, మిగిలినది చుట్టూ ఉన్న గడ్డికి పోతుంది. కోనిఫర్ నారుకి మొదటి మూడేళ్ళు అసలు శత్రువు గడ్డి, నీళ్ళు లాగేస్తుంది, వోల్‌లకి ఇల్లిస్తుంది. నాటే ముందటి శరదృతువులోనే మూడడుగుల వలయంలో గడ్డిని చంపాలి, తర్వాత పెరిగే సూదుల మీద కలుపు మందు పడకూడదు. మిగతా జాగ్రత్త వేళ్ళ గురించే. ఇక్కడ నారు మట్టి లేకుండా కట్టలుగా వస్తుంది, ఎండలో గాలిలో కాసేపు వదిలినా సన్న వేళ్ళు చచ్చిపోతాయి, మొక్క మాత్రం కొన్ని వారాలు పచ్చగానే ఉండి మనల్ని మోసం చేస్తుంది. తడి గోనెలో చుట్టి నీడన పెట్టుకుని ఒక్కొక్కటే తీయాలి. అలాగని బకెట్ నీళ్ళలో రోజంతా నానబెట్టకూడదు, వేళ్ళకి ఊపిరాడదు. గుంట తక్కువ లోతు తీసి వేళ్ళని మడిచి కుక్కితే ఆ వంపు అలాగే ఉండిపోయి చెట్టు ఏళ్ళ తర్వాత వాలిపోతుంది.

"మూడేళ్ళలో జింకలు."

మొదటి రెండేళ్ళు మొక్క వేళ్ళు పట్టుకోవడానికే పోతాయి, పైకి చూస్తే అసలు పెరగలేదనిపిస్తుంది. జింక దాక్కునేంత చాటు రావాలంటే ఎనిమిది పదేళ్ళు, కొమ్మలు మంచుని ఆపే ఎత్తుకి రావాలంటే దశాబ్దాలు. అప్పర్ పెనిన్సులా జింకలయితే చలికాలపు చోటుకి మైళ్ళకొద్దీ నడిచి వెళ్తాయి, ఆ దారి పిల్లలకి తల్లి నుంచి వస్తుంది, మనం పదెకరాల్లో స్ప్రూస్ పెట్టామని మార్చుకోవు. దక్షిణ మిషిగన్‌లో కూడా ఒక జింక తిరిగే మేర సుమారు ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. మీ దగ్గర పగలు కాసేపు పడుకుని వెళ్తే అదే మీ పని ఫలించినట్టు.

మూడేళ్ళలోనే ఏదైనా కనిపించాలంటే నాటడం కాదు, నరకడం మేలు. మీ నేలలో ఆస్పెన్ చెట్లుంటే చలికాలంలో ఒక అరెకరం నరికించండి, వేళ్ళ నుంచి వేల పిలకలు లేస్తాయి, తిండీ చాటూ రెండూ వస్తాయి. స్ప్రూస్ గుంపులు పక్కన నెమ్మదిగా పెరుగుతాయి. చాలా కౌంటీల్లో నేల, నీటి సంరక్షణ చూసే స్థానిక సంస్థ కన్జర్వేషన్ డిస్ట్రిక్ట్ వాళ్ళు చలికాలంలో ఆర్డర్లు తీసుకుని ఏప్రిల్ చివర, మే మొదట్లో నారు ఇస్తారు. మామూలు మట్టి ఉంటే నార్వే, వైట్ స్ప్రూస్ సగం సగం, మొత్తం వంద చాలు, వీలైతే "2-2" అని రాసున్నవి అడగండి, అంటే రెండేళ్ళు నారుమడిలో, రెండేళ్ళు మార్చి నాటిన మడిలో పెరిగినవి, ధర ఎక్కువైనా గడ్డితో పోటీలో నిలబడతాయి.