ప్రొజెక్టర్ ముట్టుకోనివ్వరు గానీ, ప్రోత్సాహమట!

ఇప్పుడే ఇంటికొచ్చాను. చీర కూడా మార్చుకోలేదు. ఇది రాసేస్తే గానీ అన్నం దిగదు.

పొద్దున ఓ ఇంజినీరింగ్ కాలేజీలో సభకి అతిథిగా వెళ్లాను. పేరు చెప్పను. ఎలాగూ చదివిన ప్రతివాళ్లూ "మా కాలేజీయేనా?" అని అడుగుతారు. స్టేజీ మీద బ్యానర్: "సాంకేతిక రంగంలో మహిళాశక్తి". గుమ్మంలో పట్టుచీరలు కట్టుకుని పన్నీరుబుడ్డి పట్టుకున్న మహిళాశక్తి ఎవరయ్యా అంటే, ఫైనలియర్ ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ బ్రాంచి, అమ్మాయిలు. ఎనిమిదింటి నుంచీ నిలబడ్డారట. మేం తీరిగ్గా పదకొండుకి దిగాం. అబ్బాయిలేమో మైకుల దగ్గర, వైర్ల దగ్గర.

నా వంతు వచ్చేసరికి తెరంతా నీలం. సిగ్నల్ లేదు. రెండో వరసలోంచి ఓ అమ్మాయి లేచి వచ్చింది. వెంటనే ఓ సారు, "నువ్వు కూర్చోమ్మా, షాక్ కొడుతుంది. ఒరేయ్, ఎవరన్నా రండ్రా!" అన్నారు. నలుగురొచ్చారు. వైరు పీకారు, పెట్టారు, మళ్లీ పీకారు. పావుగంట. "సార్, రిమోట్‌లో సోర్స్ మార్చండి" అని ఆ పిల్ల రెండుసార్లు చెప్పింది. మూడోసారి నేనే మైకులో చెప్పాను. మార్చారు, బొమ్మ వచ్చింది. సారు అబ్బాయిల భుజం తట్టి "వెరీ గుడ్" అన్నారు!

ప్రొజెక్టర్‌కి బొమ్మ పంపే హెచ్‌డీఎంఐ వైరుకి షాకట! తెలంగాణలో బబ్బూరి శిరీష ఏకంగా కరెంటు స్తంభమే ఎక్కింది. జూనియర్ లైన్‌మన్ పోస్టుకి ఆడవాళ్లు పనికిరారంటే, హైకోర్టు ఆదేశంతో 2020 డిసెంబరులో ఎక్కి చూపించింది. వీళ్లకి ఆడపిల్ల చేతికి రిమోట్ ఇవ్వాలంటే భయం.

ఆ తర్వాత పెద్దాయన ఒకరు "అమ్మాయిలు ధైర్యంగా ముందుకు రావాలి" అని అరగంట దంచారు. ఎక్కడికి రావాలండీ? వచ్చిన పిల్లనే కదా కూర్చోబెట్టారు!

భోజనాల దగ్గర ఆ అమ్మాయే చెప్పింది. ల్యాబ్ ఎనిమిది దాకా తెరిచే ఉంటుందట, ఆడపిల్లల హాస్టల్ గేటు మాత్రం ఆరున్నరకి పడుతుందట. అందుకని ప్రాజెక్టులో సర్క్యూట్ అబ్బాయిలది, రిపోర్టు రాయడం వీళ్లది. "మీ చేతిరాత బాగుంటుంది" అంటారట. రిపోర్టు టైప్ చేసేదే కదా నాయనా! ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపే కన్వీనర్ సీట్లలో 33⅓ శాతం ఆడపిల్లలకి ఉంది. సాంకేతిక విద్యని చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలు ఉంది. గేటు తాళం మాత్రం వాచ్‌మన్ జేబులో ఉంది.

మన దేశపు తొలి మహిళా ఇంజినీర్లలో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత గారి పేరు ఆ సభలో ఒక్కరూ ఎత్తలేదు. పద్దెనిమిదేళ్లకే భర్త పోయి, చంటిపిల్లతో మిగిలిన మనిషి. మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ చదివి 1943లో పట్టా తీసుకున్నారు. సర్టిఫికెట్ మీద అచ్చులో ఉన్న "అతడు" కొట్టేసి చేత్తో "ఆమె" అని రాశారట. తర్వాత కరెంటు లైన్ల డిజైన్‌లోనూ, భాక్రా నంగల్ డ్యామ్ విద్యుత్ పనుల్లోనూ పనిచేశారు. ఆవిడ కోసం ఎవరూ బ్యానర్ కట్టలేదు. అక్కడే ప్రొఫెసరైన నాన్న వెళ్లి సీటు అడిగారు, అంతే.

మా నాన్నా మొదట నా మెకానికల్‌కి ఒప్పుకున్నాడు. 2003లో నా ఎంసెట్ కౌన్సెలింగ్‌కి బాబాయి తోడు రాకుండా ఉంటే నేను ఈపాటికి మెకానికల్ ఇంజినీర్‌ని. "ఆడపిల్ల వర్క్‌షాప్‌లో ఆకురాయి పట్టుకుని ఇనుము రుద్దుతుందా అన్నయ్యా? రేపు సంబంధాలొస్తాయా?" అన్నాడు. నాన్న తల వంచేశాడు, నేను ఈసీఈలో పడ్డాను. మొదటి ఏడాది అన్ని బ్రాంచిలకీ వర్క్‌షాప్ ఉంటుందని మా మేధావికి తెలీదు. ఈసీఈలో చేరీ అదే ఆకురాయి పట్టాను, అదే ఇనుము రుద్దాను. సంబంధం కూడా వచ్చింది, చూసుకోండి.

అదే బాబాయి మొన్న రాత్రి ఫోన్ చేశాడు. "అమ్మాయ్, వైఫై రావట్లేదు, అల్లుడుగారికి ఓసారి ఇవ్వు" అన్నాడు. మా ఆయన బ్యాంకులో పనిచేస్తారు. మా ఇంట్లో రూటర్ జోలికి వెళ్లేది నేనే. సరేనని ఇచ్చాను. ఆయన స్పీకర్ పెట్టి, నేను చెబుతుంటే వాక్యం వాక్యం అప్పజెప్పారు. ఐదు నిమిషాల్లో వైఫై వచ్చింది.

"అల్లుడు భలే బుర్రున్నవాడే అమ్మాయ్" అన్నాడు బాబాయి.