పదునంటే పడని చాకులు

చాకు గురించి ఈ లోకంలో చెప్పగలిగిన గొప్ప మాట ఏమిటో మీకు తెలుసా? "భలే తెగుతుంది" అన్నారో, మీరు వట్టి వంటింటి మనుషులు. "పుట్టి డెబ్భై ఏళ్లయినా ఒక్కసారి కూడా సాన పట్టలేదు." అదీ మాట. బరంపురంలో ఒక పెద్దమనిషి నాకీ సంగతి బల్ల గుద్ది మరీ చెప్పారు. గుద్దే ముందు బల్ల మీదున్న చాకుల్ని జాగ్రత్తగా పక్కకి జరిపారు.

ఆయన ఒక్కరే అయితే నాకీ రాత ఖర్మ పట్టేది కాదు. మన ఊరి తెలుగువాళ్లలో ఈ జబ్బు గట్టిగానే పాకింది. రిటైరైన మగవాళ్లు సొరుగులో మఖమల్ గుడ్డ పరిచి, పాత స్కౌట్ చాకులు వరసగా పేర్చి, ఆదివారాలు ఒకరింటికొకరు వెళ్లి పోల్చి చూసుకుంటున్నారు. కాఫీ ఇస్తారు, చాకు మాత్రం చేతికివ్వరు. ఇచ్చినా ముందు చేతులు తుడుచుకోమంటారు. 1936లో ఒడిశాలో కలిసేదాకా మన గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండటం వల్ల దొరల బంగళాల సరుకు మనవాళ్ల ఇళ్లలో ఇంకా దాగి ఉందని వీళ్ల నమ్మకం. అందుకని పరామర్శకి వెళ్లిన ఇంట్లో కూడా, కన్నీళ్లు తుడుచుకుంటూనే, "తాతగారి పాత ట్రంకుపెట్టె ఉందా?" అని అడుగుతారు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1907లో బేడెన్ పావెల్ అనే సైనికాధికారి ఇంగ్లండులో బ్రౌన్సీ దీవి మీద పిల్లల్ని పోగేసి గుడారాలు వేయించాడు, స్కౌటింగు అలా మొదలైంది. 1910లో అమెరికా వాళ్లూ సొంత సంస్థ పెట్టుకున్నారు. వాళ్ల గుర్తుతో మొదట న్యూయార్క్ నైఫ్ కంపెనీ చాకు చేసింది. తరవాత రెమింగ్టన్, అల్స్టర్, కెమిలస్, ఇంపీరియల్, అందరిదీ దాదాపు అదే నమూనా. ఒక పెద్ద బ్లేడు, డబ్బా కోసేది, సీసా మూత లేపే స్క్రూడ్రైవరు, తోలుకి చిల్లు పొడిచే మొన, చివర బెల్టుకి తగిలించుకోడానికి కడియం. పిడి మీద చిన్న లోహపు బిళ్ల, దాని మీద స్కౌట్ల నినాదం: "సిద్ధంగా ఉండు".

పదకొండేళ్ల కుర్రాడి జేబు కోసం చేసిన సరుకది. బురదలో పడాలి, తాళ్లు కోయాలి, కర్రలు చెక్కాలి. ఆ కుర్రాళ్లు పాపం అమాయకంగా అలాగే వాడేశారు. అదే వాళ్లు చేసిన నేరం. వాడిన చాకుకి మన పెద్దమనుషుల్లో మర్యాద లేదు. ఎవడో ఒక సోమరిపోతు, అడవి మొహం చూడనివాడు, పుట్టినరోజుకి వచ్చిన చాకుని పెట్టెలోంచి తియ్యకుండానే పెద్దవాడై, ముసలివాడై, కాలం చేశాడనుకోండి. వాడే ఆదర్శ స్కౌటు. వాడి చాకుకే ధర.

పోల్చడమంటే మామూలు వ్యవహారం కాదు. ముందు చాకుని చెవి దగ్గర పెట్టుకుని బ్లేడు తెరిచి మూస్తారు. "కటక్" మనాలి. "టిక్" మంటే స్ప్రింగు బలం పోయినట్టు. (కటక్ మనకి దూరం కదా, బరంపురం దాకా వచ్చినవి చాలామటుకు టిక్కుమనే అంటాయి.) తరవాత భూతద్దం పెట్టి బ్లేడు మొదట్లో ఉన్న కంపెనీ ముద్ర చదువుతారు. అక్షరాల వరస కాస్త మారితే చాలు, చాకు వయసు పదేళ్లు అటో ఇటో అవుతుంది. రెమింగ్టన్ వాళ్ల స్కౌట్ చాకు రకం ఆర్‌ఎస్ 3333 పేరెత్తితే గొంతు బొంగురుపోతుంది. ఆ చివరి 3 ఎముక పిడికి గుర్తట. రెమింగ్టన్ వాళ్లు చాకుల వ్యాపారం 1940లోనే అమ్మేసుకున్నారు, కెమిలస్ 2007లో మూతపడింది. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అన్నారా?

ఆ పిడి కథ కూడా వినండి. జింక కొమ్ము ఖరీదు కాబట్టి పశువు కాలి ఎముక తీసుకుని, దానికి గాట్లు పెట్టి, రంగు పట్టించి, జింక కొమ్ములా కనిపించేట్టు చేశారు. కొన్నేళ్లకి ఎముకా దండగనిపించి, జింక కొమ్ములా నటించే ఎముకలా నటించే ప్లాస్టిక్ వేశారు. ఆ ప్లాస్టిక్ మీద కూడా మనవాళ్లు భక్తిగా వేలితో రాసి చూస్తారు. పక్కనే పర్లాకిమిడిలో అసలు కొమ్ముతో కొంగలూ నెమళ్లూ చెక్కే పనివాళ్లున్నారు. వాళ్ల దగ్గర బొమ్మ కొనాల్సి వస్తే ఇదే పెద్దమనుషులు యాభై తగ్గించమని అరగంట నిలబడి బేరమాడతారు.

కార్తీక మాసంలో తప్తపాణిలో జరిగిన వనభోజనాల గురించి చెప్పకపోతే నాకు పుట్టగతులుండవు. వేడినీటి గుండానికి కాస్త అవతల, ఉసిరిచెట్టు కోసం వెతికి వెతికి, చివరికి దొరికిన చెట్టు కిందే సర్దుకున్నాం. అన్నం వార్చారు. పోపు పెట్టారు. నిమ్మకాయల సంచీ విప్పాక తేలిందేమిటంటే కత్తిపీట ఇంట్లోనే ఉండిపోయింది. "బాబూ, ఎవరి దగ్గరైనా చాకు ఉందా?" అని ఒక పిన్నిగారు అడిగారు.

ఆ క్షణాన ఆ చెట్టు కింద ఉన్నన్ని చాకులు పెద్ద బజారు మొత్తం గాలించినా దొరకవు. మధ్యాహ్నం ప్రదర్శన ఉందని మగవాళ్లందరూ డబ్బాలు డబ్బాలుగా తెచ్చారు. ఒక్కరూ నోరు మెదపరు.

మొదటాయన గొంతు సవరించుకున్నారు. "నాది కార్బన్ స్టీలు పిన్నిగారూ. పులుపు తగిలితే నల్ల మచ్చ పడిపోతుంది." "వెంటనే నీళ్లతో కడిగి ఇస్తాను బాబూ." "నీళ్లా!" అని ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

రెండో ఆయన దగ్గరున్నది అమెరికా సైన్యం వాళ్ల రకం. 1945లో మొదలైంది, ఒళ్లంతా స్టెయిన్‌లెస్ స్టీలు, బురదలో యుద్ధం చేసే సిపాయి కోసం తయారైంది. నిమ్మకాయ దాన్నేం చేస్తుంది? "దీనికున్నది ఫ్యాక్టరీ పదునండీ. ఒక్క కాయ కోసినా మళ్లీ రాదు" అన్నారాయన. కోస్తే పోయే పదును! సిపాయి అయితే వాడేవాడు, ఈయన సిపాయి కాదు కదా.

మూడో ఆయన మొహమాటస్తుడు. "టిన్ను డబ్బా ఏమైనా ఉంటే చెప్పండి, నా డబ్బా కోసేదానికి ఎలాగూ గీత పడింది" అన్నారు. ఎవరో కారు దగ్గరికి పరుగెత్తి పైనాపిల్ డబ్బా తెచ్చారు. దాని మూతకి లాగే రింగు ఉంది. ఆయన మొహంలో కనిపించిన ఊరట నేను ఏ పరీక్షా ఫలితాలప్పుడూ చూడలేదు.

నాలుగో ఆయన స్విస్ చాకుల శాఖ. ఆయన ఇవ్వననలేదు. ముందు కొంచెం నేపథ్యం చెప్పాలన్నారు. కార్ల్ ఎల్సెనర్ 1884లో దుకాణం పెట్టడం, 1891లో స్విస్ సైన్యానికి చాకులు అందించడం, 1897 జూన్ 12న ఆఫీసర్ల చాకు రిజిస్టర్ కావడం, అన్నీ వరసగా వస్తున్నాయి. పోపులో ఆవాలు మాడి బొగ్గయ్యాయి. 1921 దాకా వచ్చేసరికి పిన్నిగారు ఇంక లాభం లేదనుకుని స్టీలు క్యారేజీ మూత తీసుకున్నారు, దాని అంచుతో నిమ్మకాయని నడిమికి ఒత్తి రెండు చెక్కలు చేశారు. గింజలు ఎగిరి దగ్గరున్నవాళ్ల పంచెల మీద పడ్డాయి. అప్పుడు భూతద్దం ఆయన వంగి, "ఆ మూత వెనక ముద్ర ఏముందో ఒకసారి చూడండి పిన్నిగారూ, పాత సరుకులా ఉంది" అన్నారు.

పులిహోర తిన్నాక దుప్పటి పరిచి, ఏ కంపెనీ చాకు బాగా తెగుతుందో సాయంత్రం దాకా వాదించుకున్నారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ ఈ బృందంలో ఒక మాస్టారున్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక స్కూల్లో స్కౌట్ మాస్టారు. మన దగ్గర స్కౌట్ పిల్లలు చేసేదేమిటో మీరూ చూస్తున్నారు. మెడకి స్కార్ఫు కట్టుకుని, ముఖ్య అతిథి కారు దిగేదాకా ఎండలో నిలబడటం. దండలు అందించడం. మంచినీళ్ల గ్లాసులు మొయ్యడం. జాతరలో జనాన్ని ఆపే తాడు పట్టుకోవడం. తాడు పట్టుకోవచ్చు, కోయకూడదు.

ఒక క్యాంపులో గుడారం తాడు తడిసి ముడి బిగుసుకుపోతే ఒక కుర్రాడు జేబులోంచి చాకు తీశాడు. వాళ్ల తాతది. ఆయన నౌపడా–గుణుపూర్ చిన్న రైలు మీద గార్డుగా చేశాడు. చాకు మీద నక్షత్రమూ శిలువా ఉంటాయి, ఇంగ్లండులో షెఫీల్డ్ ఊరి చాకుల కంపెనీ జోసెఫ్ రాడ్జర్స్ వాళ్ల ముద్ర. మాస్టారు చాకు లాక్కున్నారు. చెంప ఛెళ్లుమనిపించారు. ఆయుధాల చట్టం గురించి ఉపన్యాసం ఇచ్చారు. ఆ నిబంధనలు చెప్పేది తొమ్మిది అంగుళాల పొడవో, రెండు అంగుళాల వెడల్పో దాటిన బ్లేడు గురించి. ఈ బ్లేడు మూడు అంగుళాలుండదు. వాళ్ల నాన్న మా వీధిలోనే ఉంటాడు, ఎన్నిసార్లో స్కూలు చుట్టూ తిరిగాడు. "ఎక్కడ పెట్టానో గుర్తులేదు" అన్నారు మాస్టారు.

గుర్తులేకేం, మఖమల్ గుడ్డ మీద పెట్టారు. మొన్న నేను కళ్లారా చూశాను. పక్కన చీటీ కూడా ఉంది: "షెఫీల్డ్. వాడినది. బ్లేడు సగం అరిగింది. పిడి చిట్లింది. గ్రేడు తక్కువ."

ఎందుకరిగింది మాస్టారూ? ఆ మనిషి దాన్ని అరుగు రాయి మీద నూరి వాడాడు కాబట్టి అరిగింది. రైల్లో దానితో జామకాయలు కోసుకున్నాడు, కొడుక్కి పెన్సిళ్లు చెక్కాడు, మనవడి చేతిలో పెట్టి ఎలా మూయాలో నేర్పాడు. మీ సొరుగు నిండా "సిద్ధంగా ఉండు" అని రాసున్న చాకులున్నాయి. మీ సర్వీసు మొత్తం మీద నిజంగా సిద్ధంగా వచ్చిన స్కౌటు ఒక్కడు కనిపిస్తే వాణ్ణి కొట్టారు. కొట్టి, వాడి తాత చాకుని మీ సేకరణలో కలుపుకున్నారు. దీన్ని సేకరణ అనరు, దొంగతనం అంటారు. ఈ మాట అనడానికి నాకేం మొహమాటం లేదు.

గ్రేడు తక్కువని మీ చేత్తో మీరే రాశారు. అమ్మితే పైసా రాదు, ఆదివారం పదిమందిలో బయటికి తీస్తే పరువు తక్కువ. ఇచ్చెయ్యండి. వాళ్లింటికి వెళ్లడానికి మొహం చెల్లకపోతే నాకివ్వండి, ఆ చీటీ చింపేసి నేను తీసుకెళ్లి ఇస్తాను.